ఐదు రూపాయలకీ యాభై ఐదుకీ మధ్య చేతి కార్డు

తపాలా ఆఫీసు మెట్లలో ఒక మెట్టు ఊడిపోయింది. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కోర్టు నోటీసులూ, ఉద్యోగాల దరఖాస్తులూ పంపుకునేవాళ్ల గొడవలెమ్మని మనలో చాలామంది ఆ వార్త చదివి పేపరు మడిచేశాం. కానీ ఇంట్లో కూర్చుని చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసి నాలుగు రూపాయలు కళ్లజూద్దామనుకునే ఆడవాళ్లకు ఆ వార్తతో నేరుగా పని ఉంది. అదెట్లాగో కాస్త నిదానంగా చూద్దాం.

చేతి కార్డుల సరదా మళ్లీ వచ్చింది. రోజూ పొద్దున్నే సెల్‌ఫోనులో వచ్చిపడే గులాబీలూ, శుభోదయాలూ చూసి చూసి జనానికి మొహం మొత్తింది. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఎవరైనా చేత్తో చేసిన కార్డు ఇస్తే మురిసిపోతున్నారు. బడుల్లో పిల్లలచేత చేయిస్తున్నారు. సెలవుల్లో నేర్పేవాళ్లు వెలిశారు. మా వెంకటాచలంలో పొదుపు సంఘం మీటింగుల్లో కూడా "కార్డులు చేస్తే అమ్ముడుపోతాయంట గదా!" అన్న మాట వినబడుతోంది.

మంచిదే. అయితే అది సరదానా, సంపాదనా? ఈ ప్రశ్న ముందే వేసుకోకపోతే చేతికి అంటిన రంగు కడుక్కున్నాక మిగిలేది సున్నా.

అచ్చు, జల్లెడ, కలం: మనకేం కొత్త?

ఈ పనికి కావలసినవి మూడు. అచ్చులు, స్టెన్సిళ్లు, స్కెచ్ పెన్నులు. షాపులో వీటికి పెద్ద పెద్ద పేర్లు పెట్టి పెద్ద పెద్ద ధరలు రాస్తారు గానీ మూడూ మన ఇంటి వస్తువులే.

అచ్చు సంగతే తీసుకోండి. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే పువ్వు పడుతుందని చిన్నప్పుడు బళ్లో నేర్చుకోనివాళ్లెవరు? బంగాళాదుంపను రెండు చెక్కలు చేసి, బ్లేడుతో ఆకు చెక్కితే అదీ అచ్చే. పిల్లలు పెన్సిలు గీతలు తుడుచుకునే రబ్బరు ముక్క మీద చెక్కుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. మచిలీపట్నం పక్కన పెడనలో టేకు చెక్క మీద అచ్చులు చెక్కి, గుడ్డ మీద వరసగా అద్దుకుంటూ పోయే కలంకారీకి మూలసూత్రం ఇదే.

స్టెన్సిల్ అంటే ఏమిటి? బెజ్జాలున్న పలక. ముగ్గు గొట్టం దొర్లించినా, ముగ్గు జల్లెడ పెట్టి పిండి చల్లినా మనం చేసేది స్టెన్సిల్ పనే. పాత ఎక్స్‌రే ఫిలిం ఒకటి కడిగి ఆరబెట్టి, దాని మీద చిలకనో మామిడిపిందెనో గీసి, పదునైన బ్లేడుతో లోపలి భాగం తీసేస్తే చక్కటి స్టెన్సిల్. దాన్ని కార్డు మీద పెట్టి, స్పాంజి ముక్కకు రంగు కొద్దిగా అద్దుకుని, అంచుల నుంచి లోపలికి మెల్లగా తట్టాలి. రంగు ఎక్కువైతే అడుక్కి పాకి బొమ్మ చెదిరిపోతుంది. అంతే కిటుకు.

ఇక పెన్ను. మా నెల్లూరికి దగ్గర్లోనే ఉన్న శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, రంగులో ముంచి, అచ్చు లేకుండా చేత్తోనే బొమ్మలు గీస్తారు. ఆ పుల్లే కలం. ఆ విద్య అడుగంటుతున్నప్పుడు కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. ఇవాళ అక్కడ ఎందరో ఆడవాళ్లు ఆ పని చేసి బతుకుతున్నారు. ఆ కళను పెంచిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనకు చెయ్యి లేక కాదు. చేతికి లెక్క లేకపోవడమే మన బాధ.

కార్డు పుట్టిందే చౌక తపాలా వల్ల

గ్రీటింగ్ కార్డు చరిత్రలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 1840లో ఇంగ్లండులో దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే ఉత్తరం పోయే పద్ధతి పెట్టారు. ఆ పద్ధతి కోసం పనిచేసినవాళ్లలో ఒకరైన హెన్రీ కోల్ 1843లో జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి మొదటి క్రిస్మస్ కార్డు అమ్మకానికి పెట్టాడు. కార్డు ఖరీదు ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. పంపడానికి ఒక్క పెన్నీ. అంటే ఖర్చంతా వస్తువుకే, దారి ఖర్చు నామమాత్రం. కార్డుల వ్యాపారం అప్పట్నించీ ఆ పునాది మీదే నిలబడింది.

ఆ పునాది మీద ఇల్లు కట్టింది మాత్రం ఒక ఆడమనిషి. అమెరికాలో ఎస్తర్ హౌలాండ్ అనే అమ్మాయి 1847లో చదువు ముగించుకుని ఇంటికొచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన లేసు కాగితాల ప్రేమకార్డు ఒకటి చూసి, ఇంతకంటే బాగా నేను చెయ్యలేనా అనుకుంది. కొన్ని నమూనాలు చేసి, సరుకు అమ్మడానికి ఊళ్లు తిరిగే అన్నదమ్ముడి చేతికిచ్చింది. రెండొందల డాలర్ల ఆర్డరు వస్తే చాలనుకుంటే అయిదువేలకు పైగా వచ్చిందట. అప్పుడేం చేసింది? స్నేహితురాళ్లను పిలిచి ఇంట్లోనే బల్ల చుట్టూ కూర్చోబెట్టి పని పంచింది. ఒకరు కత్తిరించడం, ఒకరు అంటించడం, ఒకరు సరిచూడడం. ఇల్లు కదలలేనివాళ్లకు సామాను ఇంటికే పంపి, తయారైన కార్డులు తెప్పించుకునేది. 1881లో వ్యాపారాన్ని మరొకరికి అమ్మేసేదాకా అది నడిచింది.

గమనించండి. ఆమె చెయ్యి ఎంత మంచిదో గానీ, వ్యాపారం నిలబడింది రెండింటి మీద. ఆర్డరు ముందు వచ్చింది, సామాను తర్వాత కొన్నారు. సరుకు ఊళ్లు దాటించడానికి దారి ముందే ఉంది.

ఊడిన మెట్టు

ఇప్పుడు మన తపాలా దగ్గరికొద్దాం. ఒకప్పుడు జనవరి ఒకటికీ సంక్రాంతికీ కట్టలు కట్టలు కార్డులు కొని, కవరు అంటించకుండా రెక్క లోపలికి మడిచి, పైన 'బుక్ పోస్ట్' అని రాసి తక్కువ బిళ్లతో పంపడం మనందరికీ గుర్తే. 2025 నాటికి మామూలు ఉత్తరం ఇరవై గ్రాముల వరకూ ఐదు రూపాయలు. మామూలు కార్డూ కవరూ కలిసి ఆ తూకంలో పడతాయి. పూసలూ, లేసులూ అంటిస్తే దాటతాయి, అప్పుడు ఇంకో ఐదు. ఖరీదు మాటకొస్తే ఇది చాలా చౌక. కానీ రసీదు ఉండదు. చేరిందో లేదో తెలుసుకునే దారి ఉండదు. మనం ప్రేమతో పంపుకునేదానికి పరవాలేదు. డబ్బిచ్చి కొన్న మనిషి ఊరుకుంటుందా? "నా కార్డు ఏమైందమ్మా?" అని నాలుగో రోజే ఫోను చేస్తుంది.

అందుకని కార్డులు అమ్ముకునేవాళ్లు రిజిస్టర్డ్ పోస్టు పట్టుకునేవాళ్లు. దాదాపు 26 రూపాయల నుంచి మొదలయ్యేది, ఆ పైన ఇరవై గ్రాములకు ఐదేసి రూపాయలు. ఇప్పుడు ఆ మెట్టు లేదు. 2025 అక్టోబరు 1న స్పీడ్ పోస్టు ధరలు మార్చారు. యాభై గ్రాముల వరకూ స్థానికంగా అయితే 19 రూపాయలు, ఊరు దాటితే 47. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే యాభై ఐదు దాటుతుంది. అంటే ఐదు రూపాయలకు నమ్మకం లేదు, నమ్మకం కావాలంటే యాభై ఐదు. మధ్యలో నిలబడడానికి చోటు లేదు.

తపాలా శాఖ వైపు నుంచి కూడా చూడాలి. 2011-12లో 24.44 కోట్లున్న రిజిస్టర్డ్ ఉత్తరాలు 2019-20 నాటికి 18.46 కోట్లకు పడిపోయాయి. రెండు సేవలకూ రెండు ఏర్పాట్లు ఎందుకని కలిపేశారు. ఇది మన ఒక్క దేశం సంగతీ కాదు. డెన్మార్కులో నాలుగొందల ఏళ్లుగా ఉత్తరాలు పంచిన ప్రభుత్వ తపాలా సంస్థ 2025 డిసెంబరు చివరితో ఆ పనే మానేసింది. ఈ శతాబ్దం మొదలయ్యాక అక్కడ ఉత్తరాలు నూటికి తొంభై వంతులు తగ్గిపోయాయట. ఆ లెక్కన లక్షా అరవై నాలుగు వేల పైచిలుకు తపాలా ఆఫీసులతో పల్లెపల్లెకూ ఇంకా ఉత్తరం అందిస్తున్న మన దేశం ఎంతో నయం. తప్పు ఎవరిదన్నది కాదు నా ప్రశ్న. మారిన దారి ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అన్నదే.

ఇరవై కార్డుల లెక్క

మేం వీధిలో ముగ్గురం కూర్చుని ఇరవై కార్డులు చేసి కాగితం మీద లెక్క వేశాం. మీరూ మీ ఊరి ధరలతో వేసుకోవచ్చు.

దళసరి కాగితాలు పది. ఒక్కోటి ఎనిమిది రూపాయల చొప్పున ఎనభై. ఒక కాగితాన్ని రెండు ముక్కలు చేసి మడిస్తే రెండు కార్డులు. కవర్లు ఇరవై, మూడేసి రూపాయల చొప్పున అరవై. రంగులూ, పెన్నులూ, జిగురూ ఈసారి అరిగినంత మేరకు అరవై. మొత్తం రెండొందలు. అంటే కార్డుకు పది రూపాయల సామాను.

ఇక్కడితో ఆపేసి "పదికి చేసి ఇరవైకి అమ్మితే పది లాభం!" అనుకుంటాం. అక్కడే మోసపోతున్నాం. మన చేతులు ఏమైనట్టు? మడత, అచ్చు, ఆరబెట్టడం, రాత అన్నీ కలిపి కార్డుకు ఇరవై నిమిషాలు పట్టింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినసరి కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటల పనికి గంటకు 38 రూపాయలనుకున్నా, ఇరవై నిమిషాలకు 13 రూపాయలు. చదువుకుని, బొమ్మ నేర్చుకుని, కళ్లు పొడుచుకుని చేసే పనికి మట్టి పని కూలీ అయినా గిట్టాలి కదా! అంటే కార్డు అసలు ఖర్చు 23. షాపులో పెడితే మాకు తెలిసిన షాపాయన అమ్మకం ధరలో మూడో వంతు అడిగాడు. అప్పుడు 35 పెడితేనే మన 23 మనకు వస్తుంది.

ఇప్పుడు ఎవరైనా హైదరాబాదు నుంచి ఒక్క కార్డు అడిగారనుకోండి. కార్డు 35, దారి ఖర్చు 55. మొత్తం తొంభై. హెన్రీ కోల్ లెక్క తల్లకిందులైంది చూశారా? కొనే ఆవిడ "అంతా?" అనగానే మనం ఏం తగ్గిస్తాం? కాగితం వాడు తగ్గించడు. తపాలా తగ్గదు. తగ్గేది మన పదమూడు రూపాయలే. "పోనీలే, ఖాళీగానేగా ఉంది" అని మనమే తగ్గించేస్తాం.

ఖాళీగానే ఉన్నామా నిజంగా? జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనిలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే, మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. అంటే దాదాపు అయిదు గంటల ఎదుట గంటన్నర. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఈ లెక్కలో లేదు, అది వేరే. ఈ అయిదు గంటలూ పోగా మిగిలిన కాస్త మధ్యాహ్నపు నిద్రనీ కార్డులకిచ్చి, దానికీ కూలి రాకపోతే అది సంపాదన కాదు. జీతం లేని ఆరో గంట.

సామాను అమ్మేవాళ్లకే లాభం

మా వైపు ఒక అమ్మాయి సంఘంలో లోపలి అప్పు ఆరువేలు తీసుకుని, ఒకరోజు శిక్షణలో నేర్పినవాళ్ల దగ్గరే విదేశీ అచ్చుల పెట్టె కొనుక్కుంది. చేసిన కార్డులు ముద్దొచ్చేలా ఉన్నాయి. పండగ వెళ్లేసరికి అమ్ముడుపోయినవి పదకొండు. "అక్కా, చేసేది చెప్పినారు గానీ, అమ్మేది యాడ చెప్పినారు?" అంది. వాయిదా మాత్రం నెలనెలా కడుతూనే ఉంది.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. శిక్షణలకు మన దగ్గర లోటు లేదు. మా వెంకటాచలంలోనే 2001 నుంచి స్వర్ణభారత్ ట్రస్టు ఉంది, ఆడపిల్లలకు కుట్టూ అల్లికలూ లాంటివి నేర్పుతోంది. సంఘాలకూ కొదవ లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లా ఇది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందాకా వాళ్లు ఊరుకోలేదు. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకుందాం అంటూ పొదుపు ఉద్యమం పాకింది కూడా ఇక్కడే. దాచడం మనకెవరూ నేర్పక్కర్లేదు. అప్పు తీసుకునే ముందు "ఎవరు కొంటారు? ఎట్లా చేరుస్తాం?" అని అడగడమే ఇప్పుడు నేర్చుకోవాలి. సంఘం పుస్తకంలో అప్పు రాసుకునే ముందు ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాయించుకుంటే సగం అప్పులు ఆగిపోతాయి, మిగతా సగం తీరిపోతాయి.

మరి దారేమిటి?

మా లెక్కలోంచే తేలిన సంగతులు చెబుతాను.

ఒకటి, విడి కార్డు ఊరు దాటించి అమ్మకండి. కట్టగా అమ్మండి. లోపల ఏమీ రాయని పన్నెండు కార్డులు, కవర్లతో సహా రెండొందల గ్రాముల లోపే తూగుతాయి. 250 గ్రాముల వరకూ, రెండొందల నుంచి అయిదొందల కిలోమీటర్ల దూరానికి స్పీడ్ పోస్టు 63, పన్నుతో 74. పన్నెండింటికీ పంచితే కార్డుకు ఆరు రూపాయలు. కట్ట మూడొందలకిస్తే మన కూలీ సామానూ పోను ఇరవై నాలుగు మిగులుతుంది. కొన్నావిడకు దారి ఖర్చుతో కలిపి కార్డు ముప్పై ఒకటికే పడుతుంది, షాపు కంటే తక్కువకే. ఎవరికి ఏం రాయాలో ఆవిడే రాసుకుంటుంది, మామూలు బిళ్ల వేసుకుని పంపుకుంటుంది.

రెండు, దగ్గరి ఆర్డర్లు చూసుకోండి. బారసాల, ఓణీల ఫంక్షను, షష్టిపూర్తి. యాభై మందికి చిన్న కార్డులు కావాలంటే శివకాశి అచ్చు యంత్రానికి యాభై అన్నది లెక్కలోకే రాదు. మనకు అదే పెద్ద ఆర్డరు. ఒకే బొమ్మ యాభైసార్లు అద్దితే ఇరవై నిమిషాల పని పదికి దిగుతుంది. వెంకటాచలం నుంచి నెల్లూరుకో గూడూరుకో ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు రోజూ పోతూనే ఉంటారు, తపాలా ఖర్చే లేదు. సగం డబ్బు ముందే తీసుకోండి, మొహమాటం వద్దు.

మూడు, తెలుగులో రాయండి. షాపు కార్డుల్లో మన మాట వెతుక్కోవాల్సిందే. "మా చిట్టితల్లి మొదటి అడుగు", "అత్తమ్మకు అరవై" లాంటి మాటలు గుండ్రటి అక్షరాల్లో రాసిచ్చే చెయ్యి మనది. యంత్రమూ సెల్‌ఫోనూ ఇవ్వలేనిది అదొక్కటే. ధర దానికే.

తపాలా శాఖకు కూడా ఒక విన్నపం. చదువుకునే పుస్తకాలకు 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' అని చౌక సేవ పెట్టారు. మంచి పని. అట్లాగే సంఘాల ఆడవాళ్లు చేత్తో చేసి పంపే చిన్న చిన్న సరుకులకు ఐదుకూ యాభై ఐదుకూ నడుమ ఒక మెట్టు వెయ్యమని మహిళా సమాఖ్యలు అడగాలి. అడిగితేనే కదా తెలిసేది!

ప్రేమకు వేరే పద్దు

ఇదంతా చదివి చేతి కార్డు మానెయ్యమన్నానని అనుకోకండి. అమ్మే కార్డు వేరు, ఇచ్చే కార్డు వేరు. మా నెల్లూరులో మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు, తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె అందుకుంటారు. వాళ్ల కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. మతం అడగరు, ధర అడగరు. ఇంట్లో కాల్చి తెచ్చిన రొట్టెతో ఒకరి మేలు ఒకరు కోరుకోవడమే. అక్కడ పిండి ఖరీదు లెక్క వేసినవాళ్లను ఎక్కడైనా చూశారా?

ఇచ్చే కార్డూ అంతే. దానికి బెండకాయ అచ్చు చాలు, ఐదు రూపాయల బిళ్ల చాలు. అదీ ఎందుకంటే యాభై పైసల పోస్టుకార్డు మీద మామిడిపిందె అద్ది నాలుగు మాటలు రాయండి. చేరకపోతే ఇంకోటి రాద్దాం. ఆ పద్దులో గంటలు లెక్కపెట్టం.

అమ్మే కార్డు దగ్గర మాత్రం గంటలు లెక్కపెట్టాల్సిందే. ఈ రెండు పద్దుల్నీ కలిపేసి, ప్రేమ పేరు చెప్పి మన కూలి కొట్టేయడం లోకానికి ఎప్పట్నించో అలవాటు. ఈసారి సంఘం మీటింగులో ఎవరైనా "కార్డులు చేద్దామా?" అంటే, రంగుల డబ్బా కంటే ముందు ఒక గీతల నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో కాగితం ఖర్చు కింద మీ పేరు రాసి, పక్కన మీ గంటకు మీరు కట్టుకున్న విలువ రాయండి. ఆ అంకె ఎవరు బేరమాడినా కొట్టెయ్యకండి.